ఏం కరిచిందో దాచవద్దు



ఈ నెల నా తప్పుతోనే మొదలుపెడతాను. ఉదయగిరి వైపు ఒక పల్లెలో మన సంఘానికి చెందిన యవనస్థుడొకడున్నాడు. పేరు వ్రాయను. కొండల్లో జంతువులను లెక్కించడానికి వచ్చే పరిశోధకుల వెంట దారి చూపుతూ, చెట్లకు కెమెరాలు కడుతూ నాలుగు డబ్బులు సంపాదించుకుంటాడు. ఒక ఆదివారం ఆరాధన ముగిశాక కుడిచేతికి గుడ్డ చుట్టుకొని నా దగ్గరకు వచ్చాడు. "ఏందబ్బాయ్ ఇది?" అంటే, "ముల్లు గుచ్చుకునిందయ్యా, ప్రార్థన చేయండి" అన్నాడు. తలమీద చెయ్యి ఉంచి ప్రార్థన చేసి పంపాను. గుడ్డ విప్పి చూపమని అడగలేదు. అడగవలసింది.

బుధవారం సాయంకాలం కూడికకు వాళ్ళమ్మ ఏడుస్తూ వచ్చింది. "అయ్యగారూ, అది ముల్లు కాదంట. శనివారం ఉచ్చులో పడిన నక్కను విడిపించబోతే కరిచిందంట. నాకు కూడా ఇప్పుడే చెప్పినాడు."

ఎందుకు దాచాడు? ఉచ్చు పెట్టినవాడు ఊరివాడే, వాడితో తగాదా ఎందుకని ఒకటి. రెండవది బొడ్డు చుట్టూ వేసే సూదుల భయం. ఆ భయం నాకూ తెలుసు. నా చిన్నతనంలో మా అన్నకు కుక్క కరిస్తే ఆ సూదులే వేయించారు. రోజూ మా నాన్న వాణ్ణి ఎత్తుకొని వెళ్ళేవాడు, వాడి అరుపులు నాకింకా గుర్తున్నాయి. గొర్రె మెదడుతో చేసే ఆ పాత మందును 1911లో కసౌలీలో సెంపుల్ అనే వైద్యుడు తయారుచేశాడు. మన దేశంలో దాని తయారీ 2004తో ఆగిపోయింది. ఇప్పుడు వేసేవి చేతికి వేసే చిన్న సూదులు. ఇరవై ఏళ్ళు దాటినా పల్లెల్లో అమ్మమ్మలు ఇంకా బొడ్డు సూదులు చెప్పే పిల్లలను భయపెడుతున్నారు. ఆ యవనస్థుడు ఆ సూదులను కంటితో చూసినవాడు కాదు, వినే భయపడ్డాడు.

ఆ రాత్రే సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో గాయం కడిగించాము. ఆలస్యమైనా కడగవలసిందే. గురువారం మొదటి బస్సుకు ఆత్మకూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అక్కడ డాక్టరమ్మ గాయం చూడకముందే అడిగిన మాట, "ఏం కరిచింది?"

ఆ ప్రశ్న విలువ తరువాత చదివితే తెలిసింది. చలి సముద్రాలలో సీల్ అనే జంతువు ఉంటుంది. ఒడ్డున కుక్కలా కూర్చుంటుంది, నీళ్ళలో చేపలా ఈదుతుంది. దానిని వేటాడిన నార్వే నావికులకు, ఇప్పుడు దానిని పరిశీలించే పరిశోధకులకు, కాటు పడినా, చేతి పుండుకు దాని నెత్తురు తగిలినా వేలు వాచి, కీలు బిగుసుకొని, భరించలేని నొప్పి వచ్చేది. పూర్వం కొందరికి వేలే తీసివేయవలసి వచ్చింది. పెన్సిలిన్ ఇచ్చినా తగ్గదు. ఎందుకంటే పెన్సిలిన్ సూక్ష్మజీవి చుట్టూ ఉండే గోడను పడగొడుతుంది. సీల్ నోట ఉండే మైకోప్లాస్మా అనే జీవికి అసలు గోడే లేదు! టెట్రాసైక్లిన్ జాతి మందు ఇస్తేనే తగ్గుతుంది. "నన్ను సీల్ కరిచింది" అని రోగి చెప్పకపోతే డాక్టరుకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

ఇందులో మనవాళ్ళ చెయ్యి కూడా ఉంది. ఆ జాతి మందులలో మొదటిది 1948లో వెలువడిన ఆరియోమైసిన్. దానిని కనుగొన్నవాడు బెంజమిన్ డగ్గర్. అది జరిగిన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు అధిపతి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన ఆ సంవత్సరమే కన్నుమూశారు.

సీల్ కథ అక్కడితో ఆగలేదు. 2024లో దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ వైపు తీరంలో సీళ్ళకు రేబీస్ ఉన్నట్లు తేలింది. నక్కల నుండి వాటికి సోకి ఉంటుందని పరిశోధకుల అంచనా. సముద్రపు జంతువుకే నక్క నుండి వచ్చిందంటే, మన కొండల్లో నక్క కాటును ముల్లు అని చెప్పుకొని తిరగడం ఎంత ప్రమాదమో చూడండి. మనుషులకు రేబీస్ వచ్చేది చాలావరకు కుక్క నుండే. అయినా నక్క, పిల్లి, ముంగిస, కోతి కాట్లను కూడా డాక్టర్లు తేలికగా తీసుకోరు.

ఈ విషక్రిమి కాటుపడిన చోటినుండి నరాల వెంట మెల్లగా మెదడుకు ప్రాకుతుంది. మామూలుగా వారాలు, నెలలు పడుతుంది. ఆ వ్యవధిలోనే మనం పని ముగించాలి. నీళ్ళంటే భయం, గాలంటే భయం మొదలైన తరువాత బ్రతికినవారు వేళ్ళమీద లెక్కించదగినంతమంది. క్రిమిపైన కొవ్వు పొర ఉంటుంది, సబ్బు ఆ పొరను చీలుస్తుంది. అందుకే 15 నిమిషాలు కడగమంటారు. గడియారం చూసి కడగండి, మన 15 నిమిషాలు సాధారణంగా రెండు నిమిషాలే. పసుపు, సున్నం, కారం, ఆకు పసరు ఏదీ పెట్టవద్దు. ఈ మాట కూడికలో చెబితే ఒక పెద్దాయన లేచి, సమరయుడు నూనె పోయలేదా అని అడిగాడు. పోశాడయ్యా. పోసి ఊరుకోకుండా పూటకూళ్ళ ఇంటికి మోసుకెళ్ళి, డబ్బు కట్టి, మళ్ళీ వస్తానని కూడా చెప్పాడు.

ఆత్మకూరులో మొదటి టీకా రెండు చేతులకు వేసి, టెటనస్ సూది కూడా వేశారు. కాటు లోతుగా ఉంది గనుక ఆ పూటే నెల్లూరుకు పంపారు. అక్కడ సీరం మందును గాయంలోనే, దాని చుట్టూ ఎక్కించారు. టీకా పనిచేయడానికి వారం పది రోజులు పడుతుంది, అంతవరకు కాపలా కాసేది ఈ సీరమే. మొదటి టీకా వేసిన తరువాత 7 రోజులు దాటితే దానిని ఇవ్వరు. అందుకని పెద్దాసుపత్రికి వెళ్ళమంటే ఆ రోజే వెళ్ళండి, చార్జీలు లేకపోతే సంఘపెద్దలను అడగండి.

చర్మంలో వేసే పద్ధతిలో టీకాలు మొదటి రోజు, తరువాత 3, 7, 28 రోజులకు. కండకు వేస్తే 14వ రోజున మరొకటి ఉంటుంది. మనవాడికి మూడవ రోజు ఆదివారం పడింది. "ఆరాధన ఎట్లయ్యా?" అన్నాడు. ఆత్మకూరు వెళ్ళి సూది వేయించుకొని రా, అదే ఈ ఆదివారం నీ పని అన్నాను.

అడవిలో పనిచేసేవారికి కాటు పడకముందే వేసే టీకా కూడా ఉంది. వెలిగొండల ఆవల, 1986లో కలివికోడి మళ్ళీ కనబడిన కడప అడవులలో పరిశోధకులు రాత్రిళ్ళు దీపాలు పట్టుకొని తిరిగారు. అటువంటివారికి, పశువైద్యులకు, అడవి కాపలాదారులకు అది అవసరం. ముందుగా వేయించుకున్నవారికి కాటు పడితే రెండు టీకాలు చాలు, సీరం అక్కరలేదు. అయితే చదువుకొని వచ్చిన పరిశోధకుడు తాను వేయించుకొని, వెంట మూట మోసే మన పిల్లవాడి సంగతి మరచిపోతే ఎట్లా? ఆ బృందం పెద్దకు ఈ మాటే ఉత్తరం వ్రాశాను. మర్యాదగానే వ్రాశాను.

28వ రోజు సూది కూడా అయిపోయింది. చెయ్యి మానింది, రెండు పళ్ళ గుర్తులు మాత్రం ఉన్నాయి. పోయిన సోమవారం మళ్ళీ కొండకు బయలుదేరాడు. వాళ్ళమ్మ సద్దిమూటలో ఒక సబ్బుబిళ్ళ, రెండు సీసాల నీళ్ళు ఎక్కువ పెట్టిందట. బరువని వాడు గొణిగాడట.