మా అలమారాకు ఎన్ని రుతువులు?

పత్రికాఫీసుల్లో ఆదివారం అనుబంధానికి ఒక పేజీ ఉంటుంది. మార్చి రాగానే ఆ పేజీలో ఒక వ్యాసం మొలుస్తుంది. ఎండలొస్తున్నాయి, అలమారా సర్దుకోండి, ముదురు రంగులు లోపల పెట్టండి, లేత రంగుల నూలు బట్టలు బయటికి తీయండి. జూన్‌లో మళ్ళీ అదే వ్యాసం: త్వరగా ఆరే బట్టలు కట్టండి, నేలనీడ్చే అంచులు మానండి. నవంబరులో మూడోసారి: శాలువాలు, స్వెట్టర్లు, ముదురు రంగులు. ఏ రుతువు వచ్చినా చివరి వాక్యం మాత్రం మారదు. మీ జీవనశైలికి, మీ అభిరుచికి తగ్గట్టు ఎంచుకోండి, మీ దుస్తులే మీ వ్యక్తిత్వం.

ఈ వ్యాసాలను తెలుగులోకి దించినవాళ్ళలో మేమూ ఉన్నాం. ఇంగ్లీషు కాపీ ముందు పెట్టుకుని "మీ అభిరుచి" అని రాసిచ్చి, అదే సాయంత్రం తలమీది టోపీ తీసి, నాలుగు మడతలు పెట్టి, సంచి అడుగున దాచుకుని బస్సెక్కినవాళ్ళం. ఆ "మీ"లో మేము లేమని రాస్తున్నప్పుడే తెలుసు. తెలిసీ రాశాం. ఉద్యోగం మరి.

మా ఇళ్ళల్లో బట్టలకు ప్రణాళిక లేదనుకోకండి. మీకంటే పకడ్బందీ ప్రణాళిక ఉంది. ఇల్లు అద్దెకు వెతికే రోజుకు ఒక వేషం: బురఖా ఇంట్లో పెట్టి, నలగని చీర కట్టుకుని, మాటకు ముందు "అండీ" వెనుక "అండీ" పెట్టి, పేరు అడిగేదాకా పేరు చెప్పకుండా నడవడం. ఉద్యోగం ఇంటర్వ్యూకు ఒక వేషం: గడ్డం ఎంత కత్తిరిస్తే "మతం" నుంచి "ఫ్యాషన్" అవుతుందో మా మంగలికి మాకంటే బాగా తెలుసు. శుక్రవారానికి రెండు జతలు: జుమ్మా నమాజుకు తెల్ల కుర్తా, స్కూటర్ డిక్కీలో ఇస్త్రీ చేసిన చొక్కా. నమాజు కాగానే మసీదు పక్క సందులో చొక్కా మార్చుకుని ఆఫీసుకు. ఇది ఏ ఎండకు, ఏ వానకు? ఈ రుతువు పేరేమిటి?

ఆ చొక్కాలోనే ఒకసారి ఇల్లు చూడబోయాం. ఇంటాయన కాఫీ ఇచ్చి, అడ్వాన్సు దాకా మాట్లాడి, చివర్లో పేరు అడిగాడు. చెప్పాం. క్షణం ఆగి నవ్వాడు. "అరె, మీరు చూడ్డానికి ముస్లిముల్లా లేరండీ!" అన్నాడు. మేమూ నవ్వాం. అది పొగడ్త అనుకున్నందుకు నవ్వామో, ఇల్లు దొరుకుతుందేమోనన్న ఆశతో నవ్వామో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఇల్లు మాత్రం దొరకలేదు. సొంత తమ్ముడు వస్తున్నాడట, ముందే మాటిచ్చారట.

మీరు బట్టలు వేసుకుంటారు. మమ్మల్ని బట్టల్లోంచి చదువుతారు. తేడా అదీ. 2006 నాటి సచార్ కమిటీ నివేదిక దీన్ని దాచకుండా రాసింది. బురఖా, పరదా, గడ్డం, టోపీ ముస్లింల గుర్తింపులో భాగమవుతూనే బహిరంగ స్థలాల్లో వాళ్ళకు ఆందోళనగా మారాయని చెప్పింది. ఆ నివేదికలో చదువుల లెక్కలు, ఉద్యోగాల లెక్కలు చాలామందికి గుర్తున్నాయి. ఈ మాట గుర్తున్నవాళ్ళు తక్కువ. తర్వాత 2019 డిసెంబరు 15న జార్ఖండ్‌లోని దుమ్కా సభలో ఈ దేశ ప్రధానమంత్రే, నిప్పు పెడుతున్నదెవరో వాళ్ళ బట్టలను బట్టి తెలిసిపోతుందన్నారు. పౌరసత్వ చట్టం మీద దేశమంతా గొడవ జరుగుతున్న రోజులవి. అంతకు రెండేళ్ళ ముందు, 2017 జూన్ 22న, ఢిల్లీలో ఈద్ బట్టలు కొనుక్కుని అన్నదమ్ములతో రైల్లో ఊరికి బయల్దేరిన ఒక పిల్లవాడిని హర్యానాలో పెట్టెలోనే పొడిచి చంపారు. సీటు దగ్గర మొదలైన తగాదా టోపీల మీదికి, గడ్డాల మీదికి మళ్ళిందని బతికి బయటపడ్డవాళ్ళు చెప్పారు. ఆ రంజాన్‌కు మా ఇళ్ళల్లో అమ్మీలు కొత్త నియమం పెట్టారు. రైలెక్కేటప్పుడు కుర్తా వద్దు. ఈద్ బట్టలు సంచిలోనే ఉండాలి, దిగాకే కట్టుకోవాలి. మీ ఆదివారం పేజీలో ప్రయాణాల సీజన్ అని ఒక ముక్క వస్తుంది కదా, నలగని బట్టలు తీసుకెళ్ళండి అని. మాకూ ప్రయాణాల సీజన్ ఉంది.

ఈద్ సంగతి ఎత్తాం కాబట్టి చెప్పుకోవాలి. మాకు నిజంగా ఒక రుతువు ఉందంటే అది ఇదే. మీ పండుగలు వాటి కాలంలో అవి ఉంటాయి. సంక్రాంతి చలిలో, ఉగాది ఎండ మొదట్లో, దీపావళి వానలు వెళ్ళాక. మా చాంద్రమానంలో అధిక మాసం లేదు. ఏడాదికి పది పదకొండు రోజుల చొప్పున రంజాన్ వెనక్కి జరుగుతూ, దాదాపు ముప్పైమూడేళ్ళలో అన్ని కాలాలూ తిరిగొస్తుంది. 1988లో ఈద్ మే నెలలో వచ్చింది. మిలమిలలాడే టెర్రీకాటన్ చొక్కా వీపుకు అంటుకుపోయి, షీర్‌ఖుర్మా గిన్నెలోకి చెమట కారిన ఈద్ అది. 1998లో జనవరి చివర్లో వచ్చింది. తెల్లారి ఈద్గాలో పల్చటి కుర్తాలతో వణుకుతూ నిలబడ్డాం. 2000లో జనవరిలో ఒకటి, డిసెంబరులో ఒకటి, రెండు ఈద్‌లు వచ్చాయి. పిల్లలం ఎగిరాం. అబ్బా తల పట్టుకున్నాడు. ఒకే ఏడు రెండుసార్లు దర్జీ బాకీ!

అప్పటి లెక్క ఇదీ. పత్తర్‌ఘట్టీ వైపో, ఊళ్ళో సేటు కొట్టుకో వెళ్ళి ఒకే తానులోంచి గుడ్డ చింపించేవారు. అన్నదమ్ములందరికీ ఒకే చొక్కా. ఈద్గాలో తప్పిపోతే వెతకడం తేలికని అబ్బా అనేవాడు, తానులో కొంటే గజానికి కొంత తగ్గుతుందన్న సంగతి అమ్మీ చెప్పేది. దర్జీకి ఒకటే ఆర్డరు: పెరిగే పిల్లలు, లోపల గుడ్డ వదలండి. చాంద్‌రాత్ అర్ధరాత్రి దాకా దర్జీ కొట్టు మెట్లమీద కూర్చుని కాజాలు కుట్టించుకుని వచ్చేవాళ్ళం. ఆ చొక్కా మొదటి ఏడు ఈద్‌కు, బక్రీదుకు, పెళ్ళిళ్ళకు. రెండో ఏడు మడత విప్పి బడికి. మూడో ఏడు తమ్ముడికి. తర్వాత ఖాలా కొడుకుకు. ఆఖర్న లాంతరు గ్లాసు తుడవడానికి. ట్రంకుపెట్టెలో కలరా ఉండల వాసన కొట్టే ఈ శాస్త్రానికే ఇప్పుడు ఆదివారం పేజీ ఇంగ్లీషు పేరు పెట్టి "క్యాప్సూల్ వార్డ్‌రోబ్" అంటోంది. తక్కువ బట్టలు, ఎక్కువ వాడకం, అదే ఆధునికత అట. మా అమ్మీలు చేస్తే దాని పేరు పేదరికం.

ఇంతకీ మీ అలమారా ఎవరు కుట్టారో ఎప్పుడైనా చూసుకున్నారా? నవంబరు వ్యాసంలో శాలువాలు, స్వెట్టర్లు ఉంటాయి, దూదేకుల సాయిబు ఉండడు. చలి మొదలవగానే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి, గడ్డకట్టిన పత్తిని టింగుటింగుమని ఏకి మీ పరుపుల్లో, బొంతల్లో నింపింది అతనే. అతని భార్య మీ ఇంటావిడలాగే చీర కట్టింది, బొట్టు పెట్టింది, తెలుగే మాట్లాడింది. అందుకు ఉర్దూ సాయిబులు అతన్ని ముస్లిం అనలేదు, మీరు తెలుగువాడు అనలేదు. అతని మీద సామెతలు మాత్రం ఇద్దరూ కలిసి చెప్పుకున్నారు.

తేలియా రుమాలు సంగతి చూడండి. చీరాలలో, పుట్టపాకలో పద్మశాలీలు ఆముదపు కాయల బూడిదలో, నూనెలో నూలు నానబెట్టి నేసిన ఎరుపు, నలుపు, తెలుపు గళ్ళ గుడ్డ. ఎండకు చల్లగా ఉంటుందని, దుమ్ము పట్టదని అరబ్బులు ఓడల్లో తెప్పించుకుని తలకు చుట్టుకున్నారు. అంటే అరబ్బు తలమీద ఉన్నది తెలుగు నేతగాడి చేతిపని. మరి మా తలమీద రుమాలు కనిపిస్తే అరబ్బు దేశం పొమ్మంటారేం? మష్రూ అనే గుడ్డ ఉంది. మగవాళ్ళ ఒంటికి పట్టు తగలకూడదన్న నియమాన్ని కాదనకుండా, పైకి పట్టు, లోపలికి నూలు వచ్చేట్టు నేశారు. ఆ మాటకు అర్థమే అనుమతి ఉన్నదని. నియమం, షోకు రెండూ నిలిచేట్టు ఆలోచించిన మగ్గం అది. పైగా ఈ ఎండదేశంలో ఒంటికి నూలు తగిలితే హాయి. వేసవి దుస్తుల వ్యాసాల్లో మష్రూ పేరు ఎన్నిసార్లు చూశారు?

పోనీ పరాయి బట్ట పరాయిది అనే అనుకుందాం. అలాగైతే పూర్తిగా విప్పండి. జేబు మాది. జరీ మాది. రుమాలు, శాలువా, మఖ్మలు, పైజామా, కమీజు, అస్తరు, ఆఖరికి దర్జీ అనే మాట కూడా పారసీ, అరబ్బీల నుంచే వచ్చింది. పెడన అద్దకాన్ని కలంకారీ అంటారు, కలమూ కారీ రెండూ బయటివే. ఈ మాటలన్నీ తీసేసి మీ అలమారా సర్దుకోండి, చూద్దాం ఏం మిగులుతుందో.

ఏటా రంజాన్‌కు మాత్రం ఆదివారం పేజీకి మేము గుర్తొస్తాం. హలీం పక్కనే ఖడా దుపట్టా ఫొటో. "నిజామీ రాజసం" అని శీర్షిక. ఆరు గజాల దుపట్టా, జరీ, షేర్వానీ, మోతీల హారం. ఆ షేర్వానీ మాలో ఎంతమందికి ఉంది? నిఖా రోజున అద్దెకు తెచ్చుకుని మర్నాడు మరకలు లేకుండా తిరిగివ్వాలని పెళ్ళికొడుకు బిర్యానీ కూడా ఒదిగి తింటాడు. తెలుగు సినిమాకేమో రెండో బొమ్మ ఉంది. గళ్ళ లుంగీ, మెడలో తాయెత్తు, కళ్ళకు సుర్మా, వచ్చీరాని తెలుగు. ఒకటి నవాబు, రెండోది రౌడీ, కాకుంటే హీరో కోసం ప్రాణమిచ్చే చాచా. గుంటూరు మిర్చియార్డులో బస్తాలు మోసే సాయిబు, కర్నూల్లో ఆటో నడిపే సాయిబు, కరీంనగర్‌లో బడిపంతులు సాయిబు ఏ బట్టలు కడతాడు? మీరు కట్టేవే. పీర్ల పండుగకు మీ ఊళ్ళోనే మీ నాయనమ్మ పీరుకు దట్టీ కట్టి మొక్కుకోలేదా? మీ పిల్లలకు ఆకుపచ్చ బట్టలు తొడిగి ఫకీర్లను చెయ్యలేదా? ఆనాటి ఆకుపచ్చకు ఇప్పటి భయం లేదు. ప్రభుత్వం కూడా మా అలమారా సర్దింది. 2015 నుంచి కొన్నేళ్ళు తెలంగాణలో రంజాన్‌కు పేదలకు బట్టల పొట్లాలు పంచారు. కుర్తా పైజామా గుడ్డ, చీర, సల్వార్ కమీజు గుడ్డ. తీసుకున్నవాళ్ళను తప్పుపట్టం. అవసరం ఉంది, తీసుకున్నారు. వరుసలో నిలబెట్టి ఫొటో తీసినవాళ్ళనే అడుగుతున్నాం. పొట్లం ఇచ్చిన చెయ్యి ఉద్యోగం ఇవ్వడానికి ఎందుకంత వణికింది?

ఇప్పుడు మా ఇంట్లోకి రండి. ఇది భాయీలకు చెప్పాల్సిన మాట. మనం ప్యాంటూ చొక్కాలో ఈజీగా కలిసిపోతాం. డిక్కీలో కుర్తా దాచుకునే సౌకర్యం మనకుంది. మిల్లత్ గౌరవం మొత్తం మోసే పని మాత్రం ఆడపిల్ల నెత్తిన పెట్టాం. మన నానీలు చీరమీద తెల్ల చాదర్ కప్పుకుని పొలానికి, సంతకు వెళ్ళారు. బీడీలు చుట్టారు, నాట్లేశారు. అది పరదా కాదని అప్పుడు ఏ మౌల్వీ అనలేదు. గల్ఫు డబ్బుతోపాటు గల్ఫు నలుపు కూడా వచ్చింది. రెంటచింతల ఎండలో, రామగుండం ఎండలో, మే నెలలో పాలిస్టరు నల్లబట్ట! మనం బనీనుతో ఫ్యాను కింద కూర్చుని దాని పొడుగు కొలుస్తాం. గాలి ఆడే నూలు కావాలని, లేత రంగు కావాలని, అసలు వద్దని, లేదా కావాలనే కావాలని చెప్పే హక్కు ఎవరిది? తొడుక్కునే పిల్లదా, కొలిచే మనదా?

ఇది చదివి చంకలు గుద్దుకునే సెక్యులర్ మిత్రులూ ఆగండి. 2022లో ఉడుపి పిల్లలను తలగుడ్డ తీస్తేనే తరగతి అని గేటు బయట నిలబెట్టినప్పుడు మీలో చాలామంది ఆ పిల్లలకు స్వేచ్ఛ గురించి పాఠం చెప్పారు. కర్ణాటక హైకోర్టు మార్చి 15న కాదంది. అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరోమాట చెప్పారు. ఆ మధ్యలో పోయిన చదువు ఎవరు తిరిగిచ్చారు? తియ్యమని గేటు దగ్గర నిలబడ్డవాడూ, వెయ్యమని గుమ్మం దగ్గర నిలబడ్డవాడూ ఒకే పిల్ల తల మీద చెయ్యేశారు. ఇద్దరిలో ఎవరూ ఆ పిల్లనడగలేదు.

మా ఇంట్లో ఒక పిల్ల ఉంది. ఇంటర్ చదువుతోంది. మొన్న ఈద్‌కు బట్టలు కొనబోయి, దుకాణంలో నెమలికంఠం రంగు గుడ్డ పట్టుకుని చాలాసేపు నిలబడింది. దానిమీదికి అదే రంగు తలగుడ్డ కుట్టించుకుంటానంది. అమ్మీ వెంటనే, "బేటీ, అంత రంగెందుకు, అందరూ చూస్తారు" అంది. అబ్బా గొంతు తగ్గించి, "కాలేజీకి తలగుడ్డ ఎందుకు, గొడవలు" అన్నాడు. ఇద్దరి భయాలూ వేరు, ఇద్దరి మాటా ఒకటే. పిల్ల ఇద్దరినీ చూసి, గుడ్డ బల్లమీద పెట్టి, "మరి నాకేం ఇష్టమో ఎప్పుడు చెప్పాలి?" అని అడిగింది. దుకాణం కుర్రాడు కత్తెర చేతిలో పట్టుకుని అలాగే చూస్తున్నాడు. మూడు గజాలు కొయ్యమన్నాం.

రంజాన్ మళ్ళీ చలికాలం వైపు జరుగుతోంది. 2030లో జనవరిలో ఒకసారి, డిసెంబరులో ఇంకోసారి మొదలవుతుంది. ఆదివారం పేజీ సంపాదకులకు మా విన్నపం ఒకటుంది. ఆ ఏడు రుతువుల వ్యాసం ఇంగ్లీషు కాపీ ఇచ్చి దించమనకండి. మమ్మల్నే రాయనివ్వండి. స్కూటర్ డిక్కీలో చొక్కా గురించి, దర్జీ కొట్టు మెట్ల గురించి, దూదేకుల విల్లు గురించి రాస్తాం. నెమలికంఠం గుడ్డ గజం ఎంతో కూడా రాస్తాం.