వాళ్ల హిమా, మన కంచ

“ఎడారిలో ఏముంటది చూడనీకి?” సౌదీకి వచ్చిన మనవాళ్లలో చాలామంది అనే మాట ఇది. పదేళ్లు ఇక్కడ పనిచేసి కూడా కంపెనీ క్యాంపు, బత్హా బజారు, ఎయిర్‌పోర్టు తప్ప ఇంకేమీ చూడకుండా తిరిగిపోయినవాళ్లు ఎందరో. అట్లాంటి దేశం ఇవాళ అడవి జంతువుల కోసం ఎంత నేల పక్కన పెట్టిందో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఉత్తరాన 2018లో ఏర్పాటు చేసిన కింగ్ సల్మాన్ రాయల్ రిజర్వ్ ఒక్కటే 1,30,700 చదరపు కిలోమీటర్లు. మనం కొట్లాడి తెచ్చుకున్న తెలంగాణ మొత్తం 1,12,077. 2030 నాటికి నేలలో, సముద్రంలో 30 శాతం రక్షిత ప్రాంతం కావాలన్నది ఇక్కడి ప్రభుత్వ లక్ష్యం.

ఇదంతా చమురు డబ్బు మహిమ అని కొట్టిపారేయొచ్చు. ఆ డబ్బు మనకు లేదు, నిజమే. కానీ ఈ దేశం నుంచి మనం తీసుకోవలసింది డబ్బుతో కొనేది కాదు. ‘హిమా’ అనే ఒక పాత ఆచారం. దానికి మన దగ్గర కూడా ఒక పేరుంది. ఆ సంగతికి వచ్చే ముందు ఇక్కడి ఓరిక్స్ కథ చెప్పాలి.

అరేబియా ఓరిక్స్ అంటే తెల్లటి ఒళ్లు, కత్తుల్లాంటి పొడుగు కొమ్ములు ఉన్న ఎడారి జింక. జీపులు, తుపాకులు వచ్చాక దాన్ని వేటాడి వేటాడి తుడిచిపెట్టారు. ఎడారిలో స్వేచ్ఛగా తిరిగే చివరి ఓరిక్స్ 1972లో ఒమాన్‌లో వేటగాళ్ల చేతిలో పోయింది. అప్పటికే కొన్నింటిని పట్టి జంతుశాలల్లో, రాజుల తోటల్లో పెంచుతుండబట్టి జాతి మిగిలింది. సౌదీ 1986లో తాయిఫ్‌లో వన్యప్రాణి పరిశోధన కేంద్రం పెట్టి అక్కడ వాటిని పెంచింది. తాయిఫ్‌కు ఈశాన్యాన మహాజత్ అస్ సైద్ అనే మైదానంలో 2,200 చదరపు కిలోమీటర్లకు పైగా నేల చుట్టూ కంచె వేసి, 1990 నుంచి వాటిని వదలడం మొదలుపెట్టింది. 1995లో రుబ్ అల్ ఖాలీ పడమటి అంచున, కంచె లేని ఉరూఖ్ బనీ మఆరిద్‌లో కూడా వదిలింది. ఆ ప్రాంతం 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. సౌదీకి ఆ జాబితాలో దక్కిన మొదటి ప్రకృతి స్థలం అదే.

అయితే కంచె వేస్తే పని అయిపోతుందా? మహాజత్‌లో కరువు వచ్చిన ఏళ్లలో ఓరిక్స్‌లు వందల్లో చచ్చిపోయాయి. ఎడారి జంతువు వాన ఎక్కడ పడితే అక్కడికి నడుస్తుంది. వాటిని కాపాడటానికి వేసిన కంచే ఆ దారిని మూసేసింది. పక్క దేశం ఒమాన్ కథ ఇంకో తీరు. అక్కడి ఓరిక్స్ అభయారణ్యం కూడా ప్రపంచ వారసత్వ జాబితాలో ఉండేది. వేటతో మంద తరిగిపోయింది. ఆపైన చమురు అన్వేషణ కోసం ప్రభుత్వం అభయారణ్యాన్ని 90 శాతం కుదించింది. 2007లో యునెస్కో దాన్ని జాబితా నుంచే తీసేసింది. ప్రపంచంలో అట్లా పేరు పోగొట్టుకున్న మొదటి స్థలం అదే.

ఇప్పుడు హిమా దగ్గరికి వద్దాం. అరబ్బీలో హిమా అంటే కాపాడుకున్న చోటు, మేపకుండా ఆపిన గడ్డి నేల. ఇస్లాంకు ముందు అది బలవంతుడి హక్కు. తెగ పెద్ద ఒక గుట్ట మీద కుక్కను మొరిగించేవాడని, దాని అరుపు వినిపించినంత మేర నేల తనదేనని ప్రకటించేవాడని ఒక కథ చెబుతారు. ఇస్లాం ఆ సొంత హక్కును రద్దుచేసి, హిమా అంటే ప్రజల మేలు కోసమే అని మార్చింది. రెండో ఖలీఫా ఉమర్ తన హిమా కాపలాదారుకు ఇచ్చిన ఆదేశం హదీసుల్లో ఉంది. నాలుగు ఒంటెలు, నాలుగు గొర్రెలు ఉన్న పేదవాణ్ణి లోపలికి రానివ్వు, ఇబ్న్ ఔఫ్, ఇబ్న్ అఫ్ఫాన్ లాంటి ధనవంతుల మందలను మాత్రం రానివ్వకు అన్నది దాని సారం. ఈ ఇబ్న్ అఫ్ఫాన్ ఎవరో కాదు, తర్వాత ఖలీఫా అయిన ఉస్మాన్.

ఐటీ పనిలో ఏ సిస్టమ్ కట్టినా మేం మొదట తేల్చుకునేది ఎవరికి ప్రవేశం ఉంది, ఎవరికి లేదు అన్నదే. పద్నాలుగు వందల ఏళ్ల కింద ఉమర్ ఆ ప్రశ్నకు ఇచ్చిన జవాబు ఇది: నేల కాపాడాలి, కానీ ఆ కాపాడే భారం పేదవాడి మీద పడొద్దు.

తర్వాత ఊరూరా హిమాలు వెలిశాయి. కొన్నిట్లో పశువులను మేపొద్దు, కరువులో గడ్డి కోసుకుపోవచ్చు. కొన్నిట్లో ఒక కాలంలోనే మేపాలి. కొన్ని తేనెటీగల కోసం, పూలు పూసేదాకా మూసి ఉంచేవారు. 1953లో ప్రభుత్వం తెగల ప్రత్యేక హక్కులను రద్దుచేసి మేత నేలలను అందరికీ తెరిచింది. అందరిదీ అయ్యేసరికి అది ఎవరిదీ కాకుండా పోయింది. లారీల్లో నీళ్లు, మందలు దిగాయి, గడ్డి వేళ్లతో సహా పోయింది. ఇవాళ ఇన్ని వేల కిలోమీటర్ల రిజర్వులు పెట్టాల్సి రావడానికి అదీ ఒక కారణం.

రియాద్‌కు దక్షిణాన, కారులో రెండు గంటల దూరంలో హౌతత్ బనీ తమీమ్ దగ్గర ఐబెక్స్ రిజర్వ్ ఉంది. 1988లో పెట్టారు. చలికాలంలో కుటుంబంతో పోతుంటాను. తువైఖ్ కొండల లోయల్లో తుమ్మజాతి చెట్లు, నిట్టనిలువు రాతి గోడలు. పొద్దుగాల్నే పోయి ఓపికగా చూస్తే కొడవళ్లలా వంగిన కొమ్ములతో కొండమేకలు ఆ గోడల మీద నడుస్తూ కనిపిస్తాయి. అక్కడ కాపలా కాసేవాళ్లు చుట్టుపక్కల తెగల మనుషులే. ఏ లోయలో ఏ నెల నీళ్లు ఉంటాయో వాళ్లకు తెలుసు. రిజర్వ్ వాళ్లకు ఉద్యోగం, గౌరవం. అందుకే అది నిలబడింది.

ఇక మన సంగతి. హిమాకు తెలంగాణలో ఉన్న పేరు ‘కంచ’. ఊరి పశువులు మేసే గడ్డి నేల, పొదల నేల. కంచ గచ్చిబౌలి పేరులోనే అది ఉంది. రెవెన్యూ రికార్డులో ఆ నేల ‘కంచ అస్తబల్ పోరంబోకు’. అస్తబల్ అంటే గుర్రపుశాల, అది అరబ్బీ నుంచి వచ్చిన మాటే. మదీనా దగ్గర ప్రవక్త పెట్టిన నఖీ హిమా కూడా గుర్రాల మేత కోసమే. రెండు నేలల కథ ఎంత దగ్గర!

ఆ నేల మన ఉద్యమ చరిత్రలో కూడా ఉంది. 1973 నాటి ఆరు సూత్రాల పథకం ఫలితంగా 1974లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వచ్చింది అక్కడే. 2003లో సమైక్య ప్రభుత్వం అందులో 400 ఎకరాలను ఒక ప్రైవేటు క్రీడా సంస్థకు కట్టబెట్టింది, 2006లో రద్దయింది. స్వరాష్ట్రం వచ్చాక ఏం జరిగింది? 2025 మార్చి నెలాఖరులో అదే 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు దిగాయి. దాదాపు వంద ఎకరాల పచ్చదనం రోజుల్లో పోయింది. జింకలు, నెమళ్లు ఉండే నేల అది. విద్యార్థులు అడ్డం నిలబడ్డారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పని ఆపించింది. సమైక్య పాలకులు మన భూములు అమ్ముకుంటున్నరని గొంతు చించుకున్నవాళ్లం మనం. అమ్మే చేయి మనదైతే అమ్మకం న్యాయమవుతుందా? కోకాపేటలో గత ప్రభుత్వం చేసిందీ, కంచలో ఈ ప్రభుత్వం చేయబోయిందీ ఒకటే.

దీనికి ఎదురుగా ఇంకో తప్పు ఉంది. 2025 మే నెలాఖరులో కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలో దాదాపు 1,500 చదరపు కిలోమీటర్లను కన్జర్వేషన్ రిజర్వ్‌గా ప్రకటిస్తూ జీవో 49 వచ్చింది. తడోబా నుంచి కవ్వాల్‌కు పులులు నడిచే దారి అది. దారి కాపాడాలన్నది మంచి మాటే. కానీ ఆదివాసీలు తమ ఊళ్లు ఖాళీ చేయిస్తారని భయపడ్డారు, బంద్‌లు చేశారు, జూలైలో జీవో ఆగిపోయింది. వాళ్ల భయానికి చరిత్ర ఉంది. నిజాం అటవీ శాఖ గీసిన గీతల వల్లనే గోండుల ఊళ్లు పోయాయి, భీం జోడేఘాట్‌లో 1940లో నేలకొరిగాడు. ఆయన పేరు పెట్టి, ఆయన మనుషులను ఒప్పించకుండా రిజర్వ్ పెడితే అది నిలబడుతుందా? 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవుల్లో విషం కలిపిన కళేబరం తిని పులి చచ్చిపోయింది. పశువును పోగొట్టుకున్న మనిషి కోపాన్ని ఏ జీవో ఆపగలదు?

కంచలో పెద్ద మందను లోపలికి తోలబోయారు, ఆసిఫాబాద్‌లో చిన్న మందను బయటకు తోలుతారన్న భయం పుట్టించారు. ఉమర్ ఆదేశానికి రెండూ పూర్తిగా తలకిందులు.

దారి కొత్తగా వెతకాల్సిన పనిలేదు. 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు అడవిని కాపాడుకునే, నిర్వహించుకునే హక్కు ఇచ్చింది. కర్ణాటకలో బిలిగిరి కొండల పులుల రిజర్వ్‌లో 2011లో సోలిగలకు ఆ హక్కులు గుర్తించారు. వన్యప్రాణి చట్టంలో కమ్యూనిటీ రిజర్వ్ అనే ఏర్పాటు ఉంది. అమ్రాబాద్‌లో చెంచులకు, కవ్వాల్‌లో గోండులకు, కోలాంలకు ముందు హక్కుపత్రం ఇచ్చి, కాపలా కొలువులు వాళ్లకే ఇచ్చి, పశువు పోతే వారంలో పరిహారం చేతిలో పెట్టి, ఆ తర్వాత రిజర్వ్ గురించి మాట్లాడాలి. 2019లో నల్లమల యురేనియంకు వ్యతిరేకంగా అసెంబ్లీ ఏకగ్రీవంగా తీర్మానం చేయగలిగింది. మిగిలిన కంచలను అమ్మబోమని ఇంకో తీర్మానం చేయలేదా?

గల్ఫ్‌లో ఉన్న అన్నలకు, తమ్ముళ్లకు ఒక మాట. ఈ చలికాలం సెలవు దొరికితే, అనుమతి తీసుకుని హౌతత్ బనీ తమీమ్ పోయి రండి, పిల్లలుంటే తీసుకుపోండి. ఇంటికి పోయినప్పుడు మీ ఊరి కంచ ఎక్కడుందో, ఇప్పుడు ఎవరి పేరు మీద ఉందో తహసీల్దార్ ఆఫీసులో అడగండి. నీళ్లు, నిధులు, నియామకాల కోసం కొట్లాడినం. భీం అడిగిన మూడింటిలో నడిమిది జంగల్. దాని లెక్క ఇంకా తేలలేదు.