నీరసం ఆడపుట్టుకలో లేదు

కేసముద్రం మార్కెట్ యార్డులో పసుపు, మిరప, మక్కల రాశుల మధ్య పొద్దంతా వంగి పనిచేసే ఆడకూలీలను "పానం ఎట్లుంది?" అని నేను అడిగినప్పుడల్లా వచ్చే జవాబు దాదాపు ఒక్కటే. "శాతనైతలేదక్కా. ఆడోళ్లకు ఉండేదే గదా!" నా గొడవంతా ఆ రెండో మాటతోనే.

"ఉండేదే" అని ఎవరు తేల్చారు? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అదే వయసు మగవాళ్లలో 15.3 శాతం మందికే. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, ఇంత తేడానా? నెలసరిలో, కాన్పుల్లో పోయే రక్తం ఒక కారణమే. కానీ పోయినదాన్ని పూడ్చే తిండి ఆమె కంచంలోకి రాకపోవడం ప్రకృతి చేసిన పనా? అందరూ తిన్నాక అడుగున మిగిలింది తినడం, కూలిపనినీ ఇంటిపనినీ ఒక్కతే మోయడం మనుషులు పెట్టిన ఏర్పాట్లు. సగానికి పైగా స్త్రీలకు ఉన్న జబ్బును "మామూలే" అనడమంటే రోగాన్ని ఆచారంగా మార్చడమే.

ఇక వైద్యం సంగతి. నీరసమంటే మన ఊళ్లలో తెలిసిన మందు సెలైన్. అర లీటరు గ్లూకోజు సీసాలో సాధారణంగా ఉండేది 25 గ్రాముల గ్లూకోజు, అంటే ఐదారు చిన్న చెంచాల పంచదారంత. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు పోయిన మనిషిని సెలైన్ నిలబెడుతుంది. రక్తం లేని మనిషికి రక్తం పెంచదు. కూలి డబ్బులు పోతాయి, జబ్బు అట్లాగే ఉంటుంది. అయినా ఆ స్త్రీని నేను తప్పు పట్టను. అర్ధరాత్రి పిలిస్తే పలికేది ఊరి ఆరెంపీ ఒక్కడే అయినప్పుడు ఆమె ఇంకెక్కడికి పోవాలి?

నీరసం ఒక జబ్బు పేరు కాదు. దాని వెనుక రక్తహీనత, థైరాయిడ్, చక్కెర వ్యాధి, క్షయ, కిడ్నీ జబ్బు, మానసిక కుంగుబాటు, ఏదైనా ఉండొచ్చు. తగినంత తిన్నా, పడుకున్నా రెండు వారాలకు పైగా తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోవాలి. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, గుండెదడ, కాళ్లవాపు, ఏడు రోజులు దాటే నెలసరి, ముట్లుడిగాక మళ్లీ రక్తం కనబడడం, రెండు వారాల దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే ఆ రెండు వారాలు కూడా ఆగకూడదు. గర్భిణి అసలే ఆగకూడదు. ఒక పక్క చేయి, కాలు పడిపోయినా, మూతి వంకర పోయినా, మాట తడబడినా, ఛాతీ నొప్పి వచ్చినా, సొమ్మసిల్లినా అదే గంటలో పెద్దాసుపత్రికి చేరాలి.

డాక్టరు దగ్గరికి పోవడమంటే నోరు మూసుకుని వేలిముద్ర వేయడం కాదు. 2015-16 సర్వే నాటికి 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3.2 శాతమైతే తెలంగాణలో 7.7 శాతం. అందుకే అడగాలి: నా హిమోగ్లోబిన్ ఎంత? గర్భిణి కాని స్త్రీకి 12 గ్రాములు, గర్భిణికి 11 ఉండాలి. ఎందుకు తగ్గింది? ఐరన్ మాత్రలతో మలం నల్లబడుతుందని, టీతో కలిపి వేసుకోకూడదని ముందే ఎందుకు చెప్పరు? చెప్పకుండా ఇచ్చి, ఆమె భయపడి మానేస్తే "చదువులేనోళ్లు" అని తిట్టే హక్కు ఎవరికుంది?

2016లో కేసముద్రం వరంగల్ నుంచి విడిపోయి కొత్త మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చింది. 2022లో మహబూబాబాద్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. 2023 మార్చి 8న ప్రభుత్వం మంగళవారాల "ఆరోగ్య మహిళ" క్లినిక్‌లు ప్రారంభించింది. మంచిదే. కానీ రోజుకూలి పోగొట్టుకుంటే తప్ప అందని పరీక్ష ఉచితమెట్లా అవుతుంది? కూలి ముగిసిన వేళకు ఆరోగ్య కేంద్రం తెరిచి ఉండాలి. రక్తపరీక్ష ఫలితం ఆమె చేతికి రాసివ్వాలి, అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. "పాలు తాగండి, పండ్లు తినండి" అని ఉపన్యసించే ముందు, ఆమె కూలితో అవి కొనగలదా అని లెక్క చూడాలి.

సంఘాల్లో పనిచేసే మనం పొదుపు లెక్కలు రాసే పుస్తకంలోనే ప్రతి సభ్యురాలి హిమోగ్లోబిన్ అంకె కూడా, ఆమె ఇష్టపడితే, రాద్దాం. మూడు నెలలకు మళ్లీ చూద్దాం. అంకె పెరగకపోతే అందరం కలిసి ఆసుపత్రి గడప తొక్కి, ఎందుకని అడుగుదాం.