పేట కబుర్లు – 23: అయ్య సంతకం



శ్రీకూర్మంలో మా పేట చెల్లెలు ఒకర్తి మొన్న రాత్రి ఫోన్ చేసింది. నర్సు చదివింది, గల్ఫ్‌లో కొలువు దొరికింది. ఏడేళ్ల కూతుర్ని వెంట తీసుకెళ్లాలి. "అన్నా, గుంట పాస్‌పోర్టుకి అయ్య సంతకం కావాలంటన్నాడు ఏజెంటు. వదిలేసి పోయినోడు, ఆడెక్కడున్నాడో నాకేటి తెలుసు? ఐదువేలిస్తే సంతకం తనే ఎట్టించేస్తాడట."

వద్దమ్మా అన్నాను. అది దొంగ సంతకం. పాస్‌పోర్టు చట్టం 12వ సెక్షన్ కింద తప్పుడు సమాచారానికి రెండేళ్ల దాకా జైలు ఉంది. డబ్బు ఏజెంటు జేబుకి, కేసు నీ మెడకి.

అసలు ఆ సంతకమే అక్కర్లేదు. తండ్రి అనుమతి దొరక్కపోతే, ఎందుకు దొరకలేదో తల్లి రాసిస్తుంది. ఆ కాగితం పేరు అనెక్జర్ సి. తెల్లకాగితం చాలు. నోటరీ అక్కర్లేదని, దరఖాస్తులో ఒక్కరి పేరున్నా చాలని 2016 డిసెంబరులోనే విదేశాంగ శాఖ చెప్పింది. కోర్టులో కేసుంటే మాత్రం దాచకూడదు.

ఈ నాలుగు ముక్కలు పేటకి ఎందుకు రాలేదు? చదువుకున్నోళ్ల ఇంట్లో రూలు ఫోన్లో దొరుకుతుంది. మన ఇంటికి రూలు బ్రోకరు నోట్లోంచి వస్తుంది, రేటుతో సహా. నిన్న అక్షరం అందనివ్వలేదు, ఇవాళ ఫారం అందనివ్వడం లేదు.

హిందూ కోడ్ బిల్లుని అడ్డుకున్నారని బాబాసాహెబ్ 1951లో మంత్రి పదవి వదిలేశారు. 1956లో వచ్చిన సంరక్షకత్వ చట్టం తండ్రిని ముందు పెట్టి, ఆయన 'తర్వాత' తల్లి అంది. తర్వాత అంటే చచ్చాకే కాదు, పట్టించుకోనప్పుడు కూడా అని గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు 1999లో చెప్పింది. పాతికేళ్లు దాటినా కొందరి చెవికి ఎక్కలేదు.

సమ్మతి పత్రమే వద్దని నేననను. ఒకరికి తెలీకుండా ఇంకొకరు పిల్లని దేశం దాటించకుండా అది కాపలా. వెళ్లే దేశం ఏం అడుగుతుందో ఆ దేశపు ఎంబసీనే అడగండి. పిల్ల జనన ధ్రువపత్రం, విడాకులైతే కోర్టు ఉత్తర్వు, భర్త పోతే మరణ ధ్రువపత్రం దగ్గరుంచుకోండి. కానీ పెంచినదాని చెమట కంటే పారిపోయినోడి సంతకం బరువని తూచేవాళ్లతోనే నా పేచీ.

మా శ్రీకూర్మం కోవెలకి రెండు ధ్వజస్తంభాలు. ఈ గుంటకి ఒక్కటే, అమ్మ. ఆ ఒక్కటీ చాలదని ఎవడన్నా అంటే అనెక్జర్ సి చూపించండి. చదవడం రానోళ్లకి ఇది చదివి వినిపించండి.

జై భీమ్.