పాఠం చెప్పేవాళ్లు కాదు, వినేవాళ్లు కావాలి

ఇంటర్ హాస్టళ్లలో పిల్లలు ఇంటికి ఫోన్ చేసే రోజు ఒకసారి వెళ్లి చూడండి. పెద్ద వరుస. ఒక్కొక్కరికి దక్కేది కాసేపే. పక్కనే వార్డెన్, వెనక తొందరపెట్టే తోటివాళ్లు. ‘తిన్నావా నాన్నా? బాగా చదువుతున్నావా?’ అని అమ్మ అడుగుతుంది. ‘ఆఁ, బాగానే ఉన్నా’ అని పిల్లాడు ఫోన్ పెట్టేస్తాడు. నిద్ర పట్టడం లేదనీ, ఫిజిక్స్ పరీక్ష అంటేనే గుండె దడ వస్తోందనీ అక్కడ నిలబడి ఎలా చెబుతాడు? ఫీజు కోసం నాన్న వడ్డీకి డబ్బు తెచ్చాడని వాడికి తెలుసు. మనసు బాధ చెప్పుకోవడానికి ఉన్న టెలిమానస్ 14416 నంబరు రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు. ఫోన్ ఉన్నవాళ్లకు అది నిజంగా ఆసరా. వీడి చేతిలో ఫోనే లేదు.

2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత 20 మందికి పైగా పిల్లల్ని పోగొట్టుకున్నాం. ఫలితాల వారంలో కౌన్సెలింగ్ మాట గట్టిగా వినిపిస్తుంది. తర్వాత ఎవరూ ఎత్తరు. ప్రతి కాలేజీకీ ఒక సైకాలజిస్టును తేలేమన్నది నిజమే. కానీ అంతదాకా ఆగక్కర్లేదు.

ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో సంగాత్ సంస్థ చేసిన ప్రయత్నం చూడండి. బొమ్మల కథల చిన్న పుస్తకాలు తయారుచేసింది. మాట్లాడటానికి డాక్టర్లను కాకుండా, శిక్షణ ఇచ్చిన మామూలు కౌన్సెలర్లను పెట్టింది. మూడు వారాల్లో నాలుగైదు సార్లు, సారికి అరగంట లోపే. నీ కష్టమేమిటి, దానికి ఏమేం చెయ్యొచ్చు, అందులో ఒకటి చేసి చూసి మళ్లీ రా. అంతే. 251 మంది పిల్లలతో జరిపిన ఈ పరిశోధన 2020లో లాన్సెట్ వారి పత్రికలో వచ్చింది. పుస్తకాలు అందరికీ ఇచ్చారు. మనిషి తోడు సగం మందికే. ఆరు వారాలకు ఆ తోడు దొరికినవాళ్లకే సమస్యల బరువు ఎక్కువ తగ్గింది. మానసిక లక్షణాల కొలతలో అప్పటికి తేడా రాలేదు, అదీ చెప్పుకోవాలి. అయినా నాకు పెద్దగా కనిపించేది ఒకటే: పుస్తకం చేతికిస్తే సరిపోలేదు, వినే మనిషి కావాల్సి వచ్చింది.

కెన్యాలో షమీరి బృందం అప్పుడే బడి చదువు ముగించిన కుర్రకారుకే ఈ పని అప్పగించింది. వారానికో గంట, నాలుగు వారాలు. జబ్బు మాటే ఎత్తరు. ఎదగడం గురించీ, తమకు విలువైన వాటి గురించీ మాట్లాడుకుంటారు.

మన దగ్గర కూడా ఇలాంటి హాస్టళ్లలోనే చదివి డిగ్రీకి వెళ్లిన అక్కలు, అన్నలు ఉన్నారు. వాళ్లకు శిక్షణా, గౌరవ వేతనమూ ఇవ్వాలి. ప్రిన్సిపాల్ గదిలో మాత్రం కూర్చోబెట్టకూడదు. పిల్లలు చెప్పింది ప్రోగ్రెస్ కార్డులా ఇంటికి చేరకూడదు. ప్రాణానికి ముప్పు కనిపించినప్పుడు మాత్రం ఆలస్యం చెయ్యకుండా డాక్టరు దగ్గరికి చేర్చాలి, ఆ సంగతి పిల్లలకు మొదటి రోజే చెప్పాలి. వాళ్లతో మాట్లాడే అరగంట స్టడీ అవర్ నుంచే రావాలి, నిద్రలోంచి కాదు. తెల్లవారకముందే లేపి రాత్రి పదిదాకా చదివించే టైంటేబుల్‌ను అలాగే ఉంచి, ‘మా దగ్గర కౌన్సెలింగ్ ఉంది’ అని అడ్మిషన్ బ్రోచర్‌లో వేసుకునే కాలేజీకి ఇంటర్ బోర్డు అనుమతి ఇవ్వకూడదు.