సంస్కర్త వేషం సరే, మాణిక్యమ్మ వేషమేదీ?



మన పిల్లోళ్లు వేయబోయే నృత్యరూపకం స్క్రిప్టు మొన్న బత్తలపల్లిలో కూర్చుని చదివినాం. కథ దేవదాసీలది. మొదట ఆడోళ్లంతా ఏడుస్తుంటారు, తర్వాత వీరేశలింగం గారు వస్తారు, వెంటనే చట్టం వస్తుంది, అందరూ ఆయనకు దండం పెడతారు. ఆయన 1919లోనే పోయినారు, చట్టం 1947ది. రాసినోళ్లకు అది కూడా పట్టలేదు!

ఆ మద్రాసు చట్టం ఆడపిల్లల్ని దేవుడికి అంకితమివ్వడం ఆపింది. ఆపాల్సిందే. మన సీమలో బసివిని పేరుతో దళిత పిల్లల్ని ఏం చేసినారో తెలిసినోళ్లెవరూ కాదనరు. కానీ అదే చట్టం గుడిలో, దేవుడి ఊరేగింపులో వాళ్లు ఆడటాన్ని కూడా నిషేధించింది. మాన్యం ఉన్నోళ్లకు కొంత నేల దక్కింది. ఆటే కూడు పెట్టినోళ్ల సంగతేంది?

గోదావరి జిల్లాల కళావంతులు భామాకలాపం ఆడేవాళ్లు. సత్యభామ వేషం కట్టిన వేదాంతం సత్యనారాయణశర్మ గారికి 1970లో పద్మశ్రీ వచ్చింది. గొప్ప నటుడు, తగువు ఆయనతో కాదు. అదే భామ వేషం కళావంతుల ఇంటి ఆడది కడితే ఊరు వేరే మాట అనేది. తర్వాత నటరాజ రామకృష్ణ గారు ఆంధ్రనాట్యం నిలబెట్టడానికి పోయింది ఎవరి దగ్గరికి? బల్లిపాడు మదనగోపాలస్వామి గుడిలో ఆడిన సరిదె మాణిక్యమ్మ లాంటి పెద్దమ్మల దగ్గరికే. మన స్క్రిప్టులో ఆమె పేరే లేదు.

"మనకెందుకు అన్నా ఈ గొడవ" అన్నాడొక తమ్ముడు. 1911 క్రిమినల్ ట్రైబ్స్ చట్టం గుర్తుందా? పుట్టుకతోనే దొంగలని ముద్రేసి ఎరుకలోళ్లను స్టువార్టుపురం సెటిల్మెంటులో పెట్టినారు. ఆ ఆడోళ్లను పుట్టుకతోనే చెడినోళ్లన్నారు. 1952లో మన చట్టం పోయింది, పోలీసోళ్ల చూపు పోయిందా?

ఇంకొకటి. మధ్యలో "ట్రైబల్ ఐటం" పెడదాం, మన సుగాలి అక్కచెల్లెళ్లు అద్దాల ఫేటియాలతో వస్తే కలర్‌ఫుల్‌గా ఉంటుంది అన్నారు. మంత్రి వస్తే గేటు దగ్గర ఎండలో నిలబెట్టేది కూడా ఆ కలర్ కోసమే కదప్పా!

వీరేశలింగం గారి వేషం తీసేయమని నేను అనలేదు. చివరి సీన్‌లో మాణిక్యమ్మ కూర్చుని నేర్పాల, పిల్లలు నేర్చుకోవాల. దండం ఆమెకు పెట్టాల. శనివారం రిహార్సల్. అప్పటికి మార్చకుంటే నగారా కొట్టడానికి వేరే మనిషిని చూసుకోండి.