చరిత్ర చెప్పిన తెర, కథ చెప్పిన తెర

నెహ్రూ గ్రంథమును ఆధారముగా గొని, రోషన్ సేఠ్ రూపమున ఆ గ్రంథకర్తనే వ్యాఖ్యాతగా నిలిపి, సహస్రాబ్దముల చరిత్రను 53 భాగములలో ఇమిడ్చిన శ్యామ్ బెనెగల్ ‘భారత్ ఏక్ ఖోజ్’ ధారావాహికను ఎందరో కొనియాడుదురు; నేనును గౌరవింతును గాని, అందలి పాత్రలు పలుమారు మనుష్యులవలె గాక పాఠ్యపుస్తకపు పుటలవలె సంభాషించుట నాకు రుచింపదు.

1988లో దూరదర్శన్‌లో ప్రసారమైన గోవింద్ నిహలానీ ‘తమస్’ మార్గము వేరు. దేశవిభజన నాటి మతకల్లోలమును చిత్రించుటకు ఆయన మహానాయకుల నాశ్రయింపక, పంది నొకదానిని చంపుటకు నియోగింపబడి, తన చేత యెట్టి దారుణమునకు సాధనమైనదో ఆలస్యముగా గ్రహించిన నత్థూ అను నిరుపేద చర్మకారుని వెంట మనలను నడిపించెను. ఆ పాత్రలో ఓం పురి కన్నులు పలికినంత సంభాషణలు పలుకలేదు. మూలనవలా రచయిత భీష్మ్ సాహ్నీయే అందొక వృద్ధ సిక్కుగా నటించుట మరియొక విశేషము. ప్రసారము నాపింపగోరి కొందరు న్యాయస్థానముల కెక్కగా, సుప్రీంకోర్టు వారి వాదమును త్రోసిపుచ్చుట ప్రేక్షకుల భాగ్యము.

ఇక 2023లో ఆస్కారు నందిన ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’ డాక్యుమెంటరీ చూడముచ్చటైనదే; అయినను ముదుమలై వనశోభకు మైమరచిన కెమెరా, గజశాబకములను బెంచిన బొమ్మన్, బెల్లి దంపతుల జీవనభారమువైపు మరికొంత సేపు తిరిగియుండవలసినది.